ఇంట్లో వినాయక చవితి పూజ: పత్రి పేరు తెలిసి చేసుకొనే పద్ధతి

వినాయక చవితి పూజలో తక్కిన పండుగలలో కనిపించని విశేషం పత్రి. మామిడాకు, తులసి, మారేడు ఇతర పూజల్లోనూ ఉంటాయి గాని, ఉమ్మెత్తను, జిల్లేడును, ఒళ్లంతా ముళ్లున్న వాకుడును, దారిపక్కన నడిచేవారి బట్టలకు అంటుకొనే ఉత్తరేణిని పేరుపేరునా పిలిచి దేవుడి పాదాల దగ్గరకు చేర్చే పండుగ నాకు తెలిసి ఇదొక్కటే. ఎవరూ నాటకుండా, ఎవరూ నీళ్లు పోయకుండా పెరిగే మొక్కలకు ఏడాదిలో ఒకరోజు ఇంత గౌరవం దక్కడం మన సంప్రదాయంలోని గొప్ప విషయమని నేను నమ్ముతాను.

పురోహితుడు లేకుండా, వ్రతకల్పం పుస్తకం చేతిలో ఉంచుకొని ఇంట్లోనే పూజ చేసుకోదలచిన వారికోసం, ముఖ్యంగా మొదటిసారి స్వంతంగా చేసుకొంటున్న వారికోసం ఇది రాస్తున్నాను. మంత్రాలు పుస్తకంలోనే ఉంటాయి. పుస్తకంలో లేనివి, పెద్దలు పక్కన కూర్చొని చెప్పేవి ఇక్కడ చెబుతాను. నా అభిప్రాయం ముందుగానే చెప్పడం మంచిది: పత్రపూజలో వచ్చే 21 ఆకుల పేర్లు చదువుతూ చేతికందిన ఆకునల్లా వేసే పూజకంటె, 7 ఆకులనైనా గుర్తుపట్టి, పేరు వచ్చినప్పుడు ఆ ఆకునే సమర్పించి, దొరకని వాటికి అక్షతలు వేసే పూజ మేలైనది.

పండుగ ఏ రోజున

భాద్రపద శుద్ధ చవితి నాడు పండుగ జరుపుకొంటాం. అయితే చవితి తిథి తరచుగా రెండు రోజుల మీద పరచుకొని ఉంటుంది కాబట్టి ఏటా ఏదో ఒక సందేహం వస్తుంది. సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా ఉన్న పగటిని ప్రాతఃకాలం, సంగవం, మధ్యాహ్నం, అపరాహ్ణం, సాయాహ్నం అని ఐదు సమభాగాలు చేస్తే, నడిమి భాగమైన మధ్యాహ్నంలో చవితి ఏ రోజున ఉంటుందో ఆ రోజే పండుగ. స్థూలంగా ఇది ఉదయం 11 గంటల నుంచి మధ్యాహ్నం 1:30 దాకా ఉండే సమయం. పూజకు ముఖ్యమైన వేళ కూడా అదే. 2024లో చవితి సెప్టెంబరు 6వ తేదీ మధ్యాహ్నం 3 గంటల ప్రాంతంలో వచ్చి 7వ తేదీ సాయంత్రం దాకా ఉన్నందువల్ల 7వ తేదీన పండుగ చేసుకొన్నాం. 2025లో ఇదే లెక్కన ఆగస్టు 27న వచ్చింది.

చాలామంది గమనించని సంగతి ఒకటి ఇందులో ఉంది. ఆ రెండేళ్లలోనూ పండుగ ముందురోజు సాయంత్రమే ఆకాశంలో చవితి చంద్రుడు ఉన్నాడు. చంద్రదర్శన నిషేధాన్ని పాటించేవారు పంచాంగంలో తిథి మొదలయ్యే సమయం చూసుకొని, అవసరమైతే రెండు సాయంత్రాలూ జాగ్రత్త పడవలసి ఉంటుంది.

మట్టి ప్రతిమ

పార్వతీదేవి నలుగుపిండితో చేసిన బొమ్మకు ప్రాణం పోసిందని కథ చెబుతున్నప్పుడు, పూజించే ప్రతిమను మన చేతులతోనే చేసుకోవడంలో ఎంతో అర్థముంది. చెరువు మట్టి గాని, రాళ్లు లేని బంకమట్టి గాని తెచ్చి, ఎండబెట్టి, దంచి, జల్లించి, కొద్దికొద్దిగా నీళ్లు చల్లుతూ చపాతీ పిండికంటె కాస్త గట్టిగా కలిపి, తడిగుడ్డ కప్పి ఒక రాత్రి నాననివ్వాలి. మరునాడు చెక్క ముక్క మీద ముందు పీఠం, దానిపై బొజ్జ, మడిచిన కాళ్లు, చేతులు, చివరగా తల పెట్టాలి. అతికే చోట రెండు వైపులా గీతలు గీసి, పలుచగా కలిపిన మట్టి రాసి నొక్కితే ఎండాక ఊడిపోదు. చెవులు, తొండం సన్నగా ఉంటాయి కాబట్టి ముందుగా ఆరి పగిలేవి అవే. వాటిమీద మాత్రం తడిగుడ్డ ముక్క వేసి ఉంచితే ఒళ్లంతా ఒకేలా ఆరుతుంది. ఎండలో పెట్టకుండా నీడలోనే మూడు నాలుగు రోజులు ఆరనివ్వాలి. అందువల్ల ఈ పని పండుగకు వారం ముందే మొదలుపెట్టడం మంచిది.

ఇంటి పూజకు జానెడు ప్రతిమ చాలు. తొండం స్వామి ఎడమచేతి వైపుకు తిరిగి ఉండాలన్నది ఇళ్లలో పాటించే ఆనవాయితీ. రంగులు అక్కర్లేదు, పసుపు, కుంకుమ, గంధం బొట్లతోనే మట్టి ప్రతిమకు కళ వస్తుంది. కళ్లకు రెండు గురివింద గింజలు పెట్టే అలవాటు కొన్నిచోట్ల ఉంది. అవి చూడడానికి ఎంత ముచ్చటగా ఉన్నా చాలా విషపూరితమైనవి కాబట్టి, చిన్నపిల్లలున్న ఇంట్లో వాటికి బదులు మిరియపు గింజలు వాడవలసిందని నా గట్టి సలహా.

ప్రతిమను కొనదలచుకొంటే మట్టిదే కొనండి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బొమ్మ నీటిలో కరగదు. దాని రంగులు చెరువును పాడుచేస్తాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో సవరించిన మార్గదర్శకాలలో ఆ విగ్రహాలను నిషేధించింది. శాస్త్రం ప్రకారం చూసినా, పార్థివ పూజ అంటేనే పృథివితో, అంటే మట్టితో చేసిన ప్రతిమకు చేసే పూజ. బొమ్మను చేతిలోకి తీసుకొని అడుగుభాగాన్ని గోటితో గీరితే పొడి రాలేది మట్టి. తెల్లగా, గట్టిగా ఉండి లోపల డొల్లగా పోతపోసినట్టు కనిపిస్తే అది మట్టి కాదు.

పాలవెల్లి

పీట మీద ముగ్గు వేసి, బియ్యం పోసి, దానిపై ప్రతిమను కూర్చోబెట్టిన తర్వాత, సరిగ్గా తలకు పైన వేలాడేలా పాలవెల్లిని కట్టాలి. అడ్డంగా నిలువుగా సన్నని చెక్కలు బిగించిన చతురస్రపు చట్రమే పాలవెల్లి. దాన్ని కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, నాలుగు మూలలా మామిడి రెమ్మలు కట్టి, ఆ రుతువులో వచ్చే కాయలను వేలాడదీస్తారు. మొక్కజొన్న పొత్తులు, వెలగకాయ, సీతాఫలం, దానిమ్మ, జామ, బత్తాయి, దొరికితే కలువ పూలు లేదా తామర మొగ్గలు కట్టవచ్చు. కింద భూమికి గుర్తుగా మట్టి ప్రతిమ, పైన ఆకాశానికి గుర్తుగా పాలవెల్లి, నడుమ పత్రి అని పెద్దలు చెప్పే వివరణ నాకెంతో ఇష్టం. బరువైన వెలగకాయను మధ్యలో కాకుండా మూలకు దగ్గరగా కట్టండి. తాడు తెగినా స్వామి తలమీద పడదు. చట్రం లేనివారు రెండు వెదురు బద్దలను అడ్డంగా కట్టుకొన్నా సరిపోతుంది.

పత్రి

మా అమ్మమ్మ చవితి ముందురోజు సాయంత్రం వసారాలో చాప పరిచి, తెచ్చిన పత్రినంతా దానిమీద పోసి, ఒక్కొక్క రకాన్నీ వేరు చేసి, మమ్మల్ని కూర్చోబెట్టి వాసన చూపించి పేర్లు చెప్పించేది. పూజలో నాకు మంత్రాలకంటె ముందు వచ్చినవి ఆకుల పేర్లే. తర్వాత చాలా ఏళ్లకు, ఊరు విడిచి వచ్చాక, రోడ్డు పక్కన కట్టగా అమ్మే పత్రిని కొని తెచ్చి విప్పి చూస్తే అందులో నిజంగా పూజకు పనికివచ్చే ఆకులు నాలుగే కనిపించాయి. మిగిలినదంతా ఏ పేరుకూ చెందని కలుపు మొక్కలూ, ఎవరి ఇంటి ముందో పెరిగే అలంకార మొక్కల కొమ్మలూ. ఆ రోజు నుంచి నేను పత్రిని కట్టగా కొనడం మానేశాను. మీరూ అలాగే చేయవలసిందని కోరుతున్నాను.

పూజలో ఒక్కొక్క నామానికి ఒక్కొక్క పత్రం చెప్పారు. సుముఖుడికి మాచీపత్రం, గణాధిపుడికి బృహతి, ఉమాపుత్రుడికి బిల్వం, గజాననుడికి దూర్వాయుగ్మం, హరసూనుడికి దత్తూరం, లంబోదరుడికి బదరి, గుహాగ్రజుడికి అపామార్గం, గజకర్ణుడికి తులసి, ఏకదంతుడికి చూతం, వికటుడికి కరవీరం, భిన్నదంతుడికి విష్ణుక్రాంతం, వటువుకు దాడిమి, సర్వేశ్వరుడికి దేవదారు, ఫాలచంద్రుడికి మరువకం, హేరంబుడికి సింధువారం, శూర్పకర్ణుడికి జాజి, సురాగ్రజుడికి గండకి, ఇభవక్త్రుడికి శమి, వినాయకుడికి అశ్వత్థం, సురసేవితుడికి అర్జునం, కపిలుడికి అర్కం అన్నది ఎక్కువ వ్రతకల్పాలలో కనిపించే వరుస. మీ పుస్తకంలో ఒకటి రెండు పేర్లు అటూ ఇటూ అయితే మీ పుస్తకాన్నే అనుసరించండి.

సంస్కృత నామం దగ్గర ఆగిపోతే ఆకు దొరకదు. మాచీపత్రం అంటే మాచిపత్రి. చీలికలుగా ఉండే బూడిదరంగు ఆకు, నలిపితే ఘాటైన సువాసన వస్తుంది. బృహతి అంటే వాకుడు. ఆకు ఈనెల మీద కూడా ముళ్లుంటాయి కాబట్టి కత్తెరతో కోయాలి. బిల్వం మారేడు, మూడు దళాలు కలిసి ఉన్నదే తీసుకోవాలి. దూర్వ మనందరికీ తెలిసిన గరిక. యుగ్మం అన్నారు కాబట్టి జంటగా సమర్పించాలి. దత్తూరం ఉమ్మెత్త; గొట్టం లాంటి పువ్వు, ముళ్ల కాయ దీని గుర్తులు. బదరి రేగు, ఆకు అడుగున తెల్లని నూగు ఉంటుంది. అపామార్గం ఉత్తరేణి, పొడవాటి వెన్నుకు తలకిందులుగా అంటుకొని ఉండే గరుకు గింజల వల్ల దీన్ని ఎవరైనా గుర్తుపట్టవచ్చు. చూతం మామిడి, కరవీరం గన్నేరు, దాడిమి దానిమ్మ, మరువకం మరువం. విష్ణుక్రాంత నేలమీద పాకే చిన్న మొక్క. ఉదయం పూట విచ్చుకొనే నీలిరంగు పూలను బట్టి తెలుస్తుంది, మధ్యాహ్నానికి పూలు ముడుచుకొంటే గడ్డిలో కలిసిపోతుంది. సింధువారం వావిలి, బాలింతల స్నానానికి నీళ్లలో వేసి కాచే ఆకు. మూడు గాని, ఐదు గాని సన్నని రెక్కలతో ఉండి, అడుగు వైపు తెల్లగా ఉంటుంది. శమి దసరాకు పూజించే జమ్మి, అశ్వత్థం కొస తోకలా సాగిన రావి ఆకు, అర్జునం మద్ది, అర్కం జిల్లేడు. మద్ది చెట్టు బెరడు నునుపుగా, పాలిపోయిన రంగులో ఉండి పొరలుగా ఊడుతుంది.

చిక్కు తెచ్చేవి రెండు. దేవదారు హిమాలయాలలో పెరిగే వృక్షం కాబట్టి మన ప్రాంతంలో ఆ పేరుతో ఇచ్చేది వేరే ఆకు అయ్యే అవకాశమే ఎక్కువ. నిస్సంకోచంగా అక్షతలు వేయండి. గండకీపత్రం ఏ మొక్కదో పెద్దలలోనే ఏకాభిప్రాయం లేదు. ఒకరు గరికలో ఒక జాతి అంటే, మరొకరు దేవకాంచనం అంటారు. మీ ఇంటి ఆచారం ఏదో అది పాటించండి, ఆచారం లేకపోతే ఇక్కడా అక్షతలే.

తులసి విషయంలో ఒక ప్రశ్న తప్పక వస్తుంది. గణపతికీ తులసికీ నడుమ పరస్పర శాపం ఉన్నట్టు పురాణ కథ ఉంది. అందుకే మిగతా రోజుల్లో గణపతి పూజకు తులసిని వాడరు. ఈ ఒక్క చవితి నాడు మాత్రం 21 పత్రాలలో భాగంగా సమర్పించవచ్చునన్నది సంప్రదాయం. దానికి తులసిని ముందురోజు పగలే కోసి ఉంచుకోవాలి. పొద్దుగూకిన తర్వాత తులసి కోయకూడదని పెద్దల మాట.

ఒక్కొక్క నామానికి ఒకటి రెండు ఆకులు చాలు. కొమ్మలకు కొమ్మలు విరవడం వల్ల పూజకు అదనంగా వచ్చేదేమీ లేదు. కోసేముందు చెట్టుకు నమస్కరించే అలవాటును పిల్లలకు నేర్పండి. తెచ్చిన ఆకులను కడిగి, తడి ఓడ్చి, రకానికొక కట్టగా దారంతో కట్టి, కాగితం ముక్క మీద పేరు రాసి దానికి చుట్టి, పలుచని తడిగుడ్డలో ఉంచితే తెల్లవారేదాకా వాడిపోవు. పూజలో వెతుక్కోకుండా, పుస్తకంలోని వరుస ప్రకారం ఎడమ నుంచి కుడికి పళ్లెంలో పేర్చుకోండి.

ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు ఈ మూడూ విషపు మొక్కలు. గన్నేరులో ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషమే. జిల్లేడు పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం. వీటిని పెద్దవారే కోయాలి, వేరే పళ్లెంలో ఉంచాలి, నైవేద్యానికి తగలనివ్వకూడదు, ముట్టుకొన్న తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి. భక్తి ఉన్నచోట ఏమీ కాదులే అనుకోవడం పొరపాటు. విషాన్ని కూడా దేవుడికి అర్పించవచ్చునని చెప్పిన పెద్దలే దాన్ని జాగ్రత్తగా ముట్టుకోవాలనీ చెప్పారు.

ఇరవై ఒక్కటే ఎందుకన్నదానికి జ్ఞానేంద్రియాలు 5, కర్మేంద్రియాలు 5, ప్రాణాలు 5, భూతాలు 5, మనస్సు 1 కలిపి 21 అని, మనలో ఉన్న అన్నింటినీ స్వామికి అప్పగించడమే దీని భావమని చెబుతారు. చిత్తూరు జిల్లా కాణిపాకంలో స్వయంభువుగా వెలసిన వరసిద్ధి వినాయకస్వామికి చవితి నాడు మొదలయ్యే బ్రహ్మోత్సవాలు కూడా 21 రోజులే జరుగుతాయి.

ఉండ్రాళ్లు

నైవేద్యంలో ఉండ్రాళ్లు, కుడుములు తప్పనిసరి. జిల్లేడుకాయలు, పాయసం, పులిహోర, వడపప్పు, పానకం, చలిమిడి వీలును బట్టి చేసుకొంటారు. జిల్లేడుకాయ అంటే ఆకుతో సంబంధమున్నది కాదు. బియ్యప్పిండి పూరీలో కొబ్బరి, బెల్లం పూర్ణం పెట్టి, మడిచి, ఆవిరి మీద ఉడికించేది. స్వామికి ప్రీతి అని చెప్పే ఉండ్రాళ్లు, కుడుములు, జిల్లేడుకాయలు నూనెలో వేయించకుండా ఆవిరితో ఉడికించేవే కావడం గమనించదగినది.

ఉండ్రాళ్లకు ఒక గ్లాసు బియ్యపు రవ్వకు రెండు గ్లాసుల నీళ్లు కొలత. రవ్వను కొనడంకంటె, బియ్యం కడిగి, గుడ్డమీద ఆరబెట్టి, మిక్సీలో బరకగా పట్టుకొంటే రుచి వేరుగా ఉంటుంది. అరగంట నానబెట్టిన రెండు చెంచాల పచ్చిశనగపప్పు, అర చెంచా జీలకర్ర, సరిపడా ఉప్పు, ఒక చెంచా నెయ్యి నీళ్లలో వేసి, తెర్లుతుండగా రవ్వను ఒక చేత్తో పోస్తూ మరో చేత్తో కలపాలి. మూతపెట్టి సన్నని సెగమీద నీరంతా ఇంకేదాకా ఉంచి దించి, చేయి పట్టేంత వేడిగా ఉన్నప్పుడే తడిచేత్తో నిమ్మకాయంత ఉండలు చేసి, ఇడ్లీ పాత్రలో 10 నిమిషాలు ఆవిరి పట్టాలి. పూర్తిగా చల్లారాక ఉండ చేస్తే పగుళ్లు వస్తాయి. స్వామి ముందు 21 పెట్టడం ఆచారం. నైవేద్యం అయ్యేదాకా రుచి చూడకూడదు కాబట్టి ఉప్పు కొలతను ముందే నిర్ణయించుకోవాలి.

పూజ చేసే క్రమం

ఉదయాన్నే తలంటుకొని, గడపకు పసుపు రాసి, మామిడి తోరణం కట్టి, పీటను తూర్పు ముఖంగా అమర్చుకోవాలి. దీపారాధన, ఆచమనం, ప్రాణాయామం, సంకల్పం, కలశపూజ వరుసగా చేయాలి. సంకల్పంలో చెప్పవలసిన సంవత్సరం, అయనం, రుతువు, వారం, నక్షత్రం పేర్లను పంచాంగం చూసి పుస్తకంలో పెన్సిలుతో ముందే రాసుకొంటే మధ్యలో ఆగవలసిన పని ఉండదు. భాద్రపదం దక్షిణాయనంలో, వర్ష రుతువులో వస్తుంది.

తర్వాత తమలపాకు మీద పసుపు ముద్దతో చేసిన గణపతికి ముందుగా పూజ చేయాలి. విఘ్నేశ్వరుడి పూజకే మళ్లీ విఘ్నేశ్వర పూజ ఎందుకని పిల్లలు అడుగుతారు. మనం తలపెట్టిన వ్రతం ఒక కార్యం, ఏ కార్యానికైనా మొదట ఆయన అనుమతి కావాలి, ఆ కార్యం ఆయనదే అయినా సరే, అని చెప్పండి. ఈ పసుపు గణపతికి బెల్లం ముక్క నైవేద్యం పెట్టి, ఉద్వాసన చెప్పి, అక్షతలు శిరస్సున ఉంచుకొని, మట్టి ప్రతిమకు ప్రాణప్రతిష్ఠ చేసి, ధ్యానం, ఆవాహనం మొదలుకొని షోడశోపచారాలు సాగించాలి.

మట్టి ప్రతిమ కాబట్టి పంచామృత స్నానం, శుద్ధోదక స్నానం పూర్తిగా చేయకూడదు. పువ్వుతో ముంచి ఒక చుక్క చిలకరిస్తే చాలు. పాద్యం, అర్ఘ్యం నీళ్లు ఉద్ధరిణితో, అంటే పూజ చెంచాతో, పళ్లెంలోనే వదలాలి. పత్తితో చేసిన వస్త్రయుగ్మం, యజ్ఞోపవీతం, గంధం, అక్షతలు సమర్పించాక అంగపూజ, ఆ తర్వాత పత్రపూజ వస్తాయి. ఇక్కడ తొందరపడవద్దు. ఒకరు నామం చదవాలి, ఒకరు ఆకు పేరును తెలుగులో చెప్పి అందించాలి, పూజ చేసేవారు దాన్ని స్వామి పాదాల దగ్గర ఉంచాలి. మా ఇంట్లో ఆకు అందించే పని ఎప్పుడూ అందరికంటె చిన్నవారిదే, విషపు ఆకులు మూడూ మాత్రం పెద్దవారు అందిస్తారు. ఇలా చేస్తే ఈ ఒక్క భాగానికే పావుగంట పడుతుంది. ఆ పావుగంటను తగ్గించుకోవాలని చూడకండి.

అష్టోత్తర శతనామాలు, ధూపం, దీపం, నైవేద్యం, తాంబూలం, నీరాజనం, మంత్రపుష్పం తర్వాత కుటుంబంలో అందరూ గుంజీళ్లు తీస్తారు. చదువుకొనే పిల్లల పుస్తకాలకు, కలాలకు పసుపు కుంకుమ రాసి స్వామి పక్కన ఉంచి, ఆ రోజంతా కదపకుండా మరునాడు తీసుకొనే ఆచారం ఉంది. స్పష్టంగా మంత్రాలు చదవలేనివారు ప్రతి ఉపచారానికీ ఆ నామాన్ని చెప్పి నమస్కరించినా పూజ లోపించదని మా పెద్దలు చెప్పేవారు.

కథ, అక్షతలు, చవితి చంద్రుడు

నైవేద్యం అయ్యాక అందరూ చేతిలో అక్షతలు పట్టుకొని కథ వినాలి, పూర్తయ్యాక ఆ అక్షతలను తలమీద వేసుకోవాలి. కుడుములు తిని నిండిన బొజ్జతో తల్లిదండ్రులకు వంగి నమస్కరించలేక అవస్థ పడిన గణపతిని చూసి చంద్రుడు నవ్వాడు. ఆ చూపు సోకి గణపతి పొట్ట పగిలింది. చంద్రుణ్ణి చూసినవారికి నీలాపనిందలు కలుగుతాయని పార్వతి శపించింది. నిర్దోషులైన ఋషిపత్నులు ఆ శాపం వల్ల నింద పాలయ్యాక, దేవతలు వేడుకోగా శాపం ఈ ఒక్క రోజుకు పరిమితమైంది. ద్వాపరయుగంలో శ్రీకృష్ణుడే పాలలో చంద్రబింబాన్ని చూసి, శమంతకమణిని అపహరించాడన్న నింద మోశాడు. రోజుకు 8 బారువుల బంగారమిచ్చే ఆ మణిని ధరించి వేటకు వెళ్లిన ప్రసేనుణ్ణి సింహం చంపింది, సింహాన్ని జాంబవంతుడు చంపి మణిని తన బిడ్డకు ఆటవస్తువుగా ఇచ్చాడు. అడుగుజాడలు పట్టుకొని గుహకు చేరిన కృష్ణుడు జాంబవంతుడితో 28 రోజులు పోరాడి, మణిని తెచ్చి సత్రాజిత్తుకు ఇచ్చి నింద పోగొట్టుకొన్నాడు.

ఈ కథను పిల్లలకు చెప్పేటప్పుడు కృష్ణుడు చేసిన పనిమీద నిలవండి. నింద వేసినవారిపై ఆయన కోపగించుకోలేదు, ద్వారకలో కూర్చొని వాదించనూ లేదు; సాక్షులను వెంటబెట్టుకొని అడవికి వెళ్లి నిజమేమిటో వెతికి తెచ్చాడు. పూజకు కుదరనివారు, అనుకోకుండా చంద్రుణ్ణి చూసినవారు ఈ కథ విని గాని, గుహలో దాది పసిబిడ్డను ఊరుకోబెడుతూ పాడిందని చెప్పే శ్లోకం చదువుకొని గాని అక్షతలు వేసుకొంటే దోషం ఉండదని నమ్మకం: "సింహః ప్రసేనమవధీత్ సింహో జాంబవతా హతః, సుకుమారక మారోదీః తవ హ్యేష స్యమంతకః." కాబట్టి కిటికీలోంచి చంద్రుడు కనిపించాడని ఎవరూ భయపడవలసిన పని లేదు.

ఉద్వాసన, నిమజ్జనం

ఇంటి ప్రతిమను ఎన్ని రోజులు ఉంచాలన్నది ఇంటి ఆచారాన్ని బట్టి ఉంటుంది. అదే సాయంత్రం, లేదా 3, 5, 9 రోజుల తర్వాత ఉద్వాసన చెబుతారు. 1893లో పుణెలో బాలగంగాధర తిలక్ ప్రోత్సాహంతో ఊపందుకొన్న సామూహిక ఉత్సవాల పద్ధతిలో, మన దగ్గర 1954లో మొదలైన ఖైరతాబాదు గణపతి వంటివాటికి అనంత చతుర్దశి దాకా పూజలు జరుగుతాయి. ఇంటి పూజకు ఆ నియమం లేదు. ఉంచినన్ని రోజులూ రెండు పూటలా దీపం, నైవేద్యం తప్పకుండా పెట్టగలరా అన్నది చూసుకొని నిర్ణయించుకోండి. పెట్టలేనప్పుడు మొదటిరోజు సాయంత్రమే ఉద్వాసన చెప్పడం ఉత్తమం.

హారతి ఇచ్చి, "యజ్ఞేన యజ్ఞమయజంత దేవాః" అన్న మంత్రం చదివి, పీటను ఉత్తరం వైపుకు కొద్దిగా కదిపితే ఉద్వాసన అయినట్టు. పచ్చి మట్టి ప్రతిమకు ఇంటి పెరట్లోనో, మేడమీదనో ఒక కొత్త బకెట్టులో లేదా శుభ్రంగా తోమిన గంగాళంలో నీళ్లు నింపి, పసుపు, పువ్వులు వేసి నిమజ్జనం చేయవచ్చు. పత్తి వస్త్రం, దండలు, ఏవైనా నగలు ముందే తీసివేయాలి. రాత్రికి మట్టి కరిగి అడుక్కు చేరుతుంది. ఆ నీటిని, మట్టిని కాలు తగలని చోట పూలమొక్కల మొదట్లో పోయండి. పత్రిని, పూలను చెరువులో వేయకుండా గొయ్యి తీసి పూడ్చండి. ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు అందులో ఉన్నాయి కాబట్టి పత్రిని పశువులకు అందే చోట పారవేయడం వాటి ప్రాణానికే ముప్పు. చవితి మరునాడు రోడ్ల మీద కుప్పలుగా కనిపించే పత్రిని ఆవులు మేస్తుంటే చూసి నేను చాలాసార్లు బాధపడ్డాను.

పాలవెల్లి కాయలను ఇరుగుపొరుగుకు పంచి, చట్రాన్ని తుడిచి ఆరబెట్టండి. ఈ ఏడు ఏ ఆకు ఎక్కడ దొరికిందో, ఏ ఏడెనిమిదింటికి అక్షతలు వేయవలసి వచ్చిందో ఒక కాగితం మీద రాసుకోండి: ఉత్తరేణి కాలువ గట్టున, వావిలి గుడి వెనుక, మద్ది పార్కులో మూడో చెట్టు, ఇలా. ఆ కాగితాన్ని పాలవెల్లితోపాటే గుడ్డలో చుట్టి అటకమీద పెట్టండి.